మధ్యాహ్నం ఆ బిడ్డకు అన్నం పెట్టేదెవరు?

(మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం 'పిల్లల పోషకాహార లోపం - సమష్టి కార్యాచరణ'. ఈ 'సమష్టి కార్యాచరణ' అనే మాటను ఈమధ్య మనకంటే ప్రభుత్వాలూ, నిధులిచ్చే సంస్థలూ ఎక్కువగా వాడుతున్నాయి. 2018 నుంచి ఏటా పోషణ మాసం జరుపుతున్నారు. ఊరేగింపులు, ముగ్గుల పోటీలు, ప్రతిజ్ఞలు. ఆ ముగ్గులు వేసేది అంగన్‌వాడీ టీచర్లు, ప్రతిజ్ఞ చేసేది పొదుపు సంఘాల స్త్రీలు. అందరూ కలిసి చెయ్యాలంటారు గానీ చేసే చేతులు మాత్రం ఎప్పుడూ ఆడవాళ్ళవే. అందుకని ఇవాళ నేను ఈ మాటను కాస్త అనుమానంగా చూస్తూనే మాట్లాడతాను. కలిసి ఏం చెయ్యాలి, ఎవరిని అడగాలి, ఏది మన నెత్తిన వేసుకోకూడదు - ఇవి తేలకుండా సమష్టి అంటే మనకు మరో వెట్టి తయారవుతుంది.

అంకెలతో మిమ్మల్ని విసిగించను. కొన్ని మాత్రం చెప్పక తప్పదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35.5 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. 19.3 మంది ఎత్తుకు తగ్గ బరువు లేరు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత. మన దగ్గరికి వస్తే, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. తెలంగాణలో ఈ అంకె 2015-16 నాటి సర్వేలో 28 దగ్గర ఉండేది. అంటే తగ్గలేదు సరిగదా, పెరిగింది. ఈ పెరుగుదలను కోవిడ్ మీదికి నెట్టడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే తెలంగాణలో ఆ సర్వే 2019లోనే పూర్తయింది. హైటెక్ నగరం, సొంత రాష్ట్రం, ప్రాజెక్టుల నీళ్ళు, వరి దిగుబడిలో రికార్డులు - ఇవన్నీ ఒక పక్కన ఉండగానే పిల్లలు గిడసబారిపోయారు. ధాన్యం పండడానికీ బిడ్డ నోట్లోకి ముద్ద చేరడానికీ మధ్య ఏదో తెగిపోయింది. అది ఎక్కడ తెగింది?

దీనికి అధికార యంత్రాంగం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు, 'తల్లులకు తెలియదు'. ఆకుకూరలు తినాలని తెలియదు, ముర్రుపాలు పట్టాలని తెలియదు, చేతులు కడుక్కోవాలని తెలియదు. కాబట్టి అవగాహన కల్పించాలి, గోడల మీద రాయాలి. పోషణ మీద ప్రచార సాహిత్యం మొత్తం తల్లిని ఉద్దేశించే ఉంటుంది. నాన్నను ఉద్దేశించి రాసిన పోస్టరు నేను ఒకటి రెండుకు మించి చూడలేదు. కూలి ఇచ్చే ఆసామిని ఉద్దేశించి రాసింది అసలే చూడలేదు.

పత్తి ఏరే రోజుల్లో నేను కొంతకాలం ఊళ్ళలో తిరిగి, స్త్రీలు ఏ పనికి ఎంత సేపు వెచ్చిస్తున్నారో రాసుకున్నాను. పధ్నాలుగు నెలల బిడ్డ ఉన్న ఒక తల్లి రోజు చెబుతాను. ఆమె కథలో ప్రత్యేకతేం లేదు, అందుకే చెబుతున్నాను. తెల్లవారకముందే లేస్తుంది. నీళ్ళు, వాకిలి, పొయ్యి. బిడ్డకు పాలిచ్చి, నాలుగు మెతుకులు పప్పునీళ్ళలో కలిపి పెట్టి ఎనిమిదికల్లా ఆటో ఎక్కుతుంది. ఏరిన పత్తికి కిలోల లెక్కన కూలి, కాబట్టి మధ్యలో ఇంటికి వచ్చే ప్రశ్నే లేదు. తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతుంది. వంటయ్యేసరికి బిడ్డ నిద్రపోతుంది. పగలంతా బిడ్డ చూపు సరిగా ఆనని నాయనమ్మ దగ్గరో, బడి మానేసిన ఎనిమిదేళ్ళ అక్క చంకలోనో ఉంటుంది. ఆ అక్క ఏడుపు మానిపించడానికి అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనిపెడుతుంది. నేనామెను, బిడ్డకు రోజుకెన్నిసార్లు పెట్టాలో చెప్పారా అని అడిగాను. 'చెప్పిన్రు. నాలుగైదుసార్లు పెట్టాల్నట. పెట్టేతందుకు నేను ఇంట్ల ఉండాలె గద మేడం' అంది.

తెలియకపోవడం అంటే ఇదా?

ఏడాది రెండేళ్ళ బిడ్డ పొట్ట చాలా చిన్నది. ఒకేసారి గిన్నెడు పెడితే తినదు. కొంచెం కొంచెంగా, ఓపిగ్గా, రోజులో చాలాసార్లు పెట్టాలి. అంటే ఆ వయసులో పోషకాహారం అంటే తిండి మాత్రమే కాదు, తినిపించే మనిషి కూడా. పై సర్వేలోనే ఇంకో అంకె ఉంది. 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత, తగిన రకాల ఆహారం అందుతున్నది దేశం మొత్తమ్మీద నూటికి 11 మందికే. నష్టం ఎక్కువగా జరిగేదీ ఈ వయసులోనే. తరవాత ఎంత పెట్టినా పోయిన ఎత్తు పూర్తిగా తిరిగి రావడం కష్టం. మన అంగన్‌వాడీలో మాత్రం కూర్చోబెట్టి వండి పెట్టేది మూడేళ్ళు దాటిన పిల్లలకు. మూడేళ్ళలోపు వాళ్ళకు పొడి ప్యాకెట్. తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తూ వచ్చారు. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఆ ప్యాకెట్ ముగ్గురిదీ అవుతుంది. ఉండలు కట్టి పెడితే వారం పది రోజుల్లో అయిపోతుంది. పెద్దపిల్లను కాదని చిన్నదానికే పెట్టమని ఏ తల్లికి చెబుతాం?

ఇప్పుడు స్త్రీలు కూడగట్టుకుని చేసిన పనుల దగ్గరికి వస్తాను. మన రాష్ట్రాల్లో ఇందుకు గొప్ప చరిత్రే ఉంది. దాన్ని పోషకాహార చరిత్రగా మనం ఎప్పుడూ రాసుకోలేదు.

సారా వ్యతిరేకోద్యమాన్నే తీసుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై, సారా వేలంపాటలు ఆపించి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం తెప్పించిన ఉద్యమం. దాన్ని మద్యం మీద, హింస మీద పోరాటంగా మనం సరిగానే గుర్తించాం. కానీ అది తిండి పోరాటం కూడా. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యంతో ఇంటికి మిగిలిన డబ్బును అదే ప్రభుత్వ యంత్రాంగం వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో సారా పోసి తిరిగి లాక్కుంది. చౌక బియ్యం ఆడదాని చేతికి, కూలి డబ్బు మగవాడి చేతికి, అక్కడి నుంచి సారా కాంట్రాక్టరుకి. పొయ్యిమీద కుండకీ, ప్రభుత్వ ఖజానాకీ ఉన్న ఈ లంకెను ఏ ఆర్థికశాస్త్రం చదవకుండానే ఆ స్త్రీలు విడదీసి చూపించారు. సంపూర్ణ నిషేధం 1995లో వచ్చి 1997లో పోయిందనుకోండి, అది వేరే కథ.

రెండోది జహీరాబాద్ ప్రాంతం. ఒకప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి అక్కడి దళిత స్త్రీల సంఘాలు 1990లలో చేసిన ప్రయోగం గురించి మీలో చాలామందికి తెలుసు. బీళ్ళుగా పడి ఉన్న తమ చెలక భూములను సాగులోకి తెచ్చుకోవడానికి అప్పు తీసుకుని, ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలను ఊళ్ళోనే నిలవ చేసి, ఊళ్ళోని నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ అన్నారు దాన్ని. నన్ను అన్నిటికన్నా ఆకర్షించింది పేదలెవరో తేల్చిన పద్ధతి. తహసీల్దారు కాగితం మీద కాదు, పదిమందిలో కూర్చుని, ఎవరింట్లో ఏముందో బహిరంగంగా చర్చించి తేల్చుకున్నారు. పేదరికానికి కొలత వాళ్ళదే. మనం విశ్వవిద్యాలయాల్లో దారిద్య్రరేఖ మీద ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న విషయాన్ని వాళ్ళు రచ్చబండ దగ్గర తేల్చేశారు.

ఇంకొక సంగతి. ఆ చేలలో జొన్న ఒక్కటే వేయరు. కంది, కొర్ర, సజ్జ, అనుములు కలిపి వేస్తారు. వాటి మధ్య ఎవరూ విత్తకుండానే తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు మొలుస్తాయి. కలుపు తీయడానికి వెళ్ళిన స్త్రీ ఒడిలో కూర తెచ్చుకుంటుంది. పత్తి వచ్చి, కలుపుమందు వచ్చాక ఆ కూర పోయింది. ఏ గణాంకాల్లోనూ చేరని ఆహారం కాబట్టి పోయిందని కూడా ఎవరూ రాసుకోలేదు. ఆ తరవాత మనకు అంగన్‌వాడీ గోడమీద రంగుల్లో ఆకుకూరల బొమ్మలు వేసి, ఇవి తినండి అని చెబుతున్నారు! 2021లో ఎర్రకోట మీంచి విటమిన్లు, ఐరన్ కలిపిన బియ్యం పథకాన్ని ప్రకటించినప్పుడు నాకు ఈ చేలే గుర్తొచ్చాయి. చేలో తీసేసినదాన్ని మిల్లులో కలపడం.

మూడో అనుభవం దగ్గర కొంచెంసేపు ఆగాలి. మన చర్చకు అది చాలా దగ్గరిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నుంచి ఇందిరా క్రాంతి పథం కింద గ్రామైక్య సంఘాలు పోషకాహార కేంద్రాలు నడిపాయి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు అక్కడికే వచ్చి కలిసి తినేవాళ్ళు. వండేది సంఘం మనిషి, సరుకులు తెచ్చేది సంఘం, లెక్క రాసేది సంఘం. కలిసి తినడంలో ఉన్న గొప్పతనం నాకు అక్కడే అర్థమైంది. ఇంటికి ఇచ్చే సరుకు ఇంటి కుండలోకి పోతుంది. కుండలోంచి ఆఖరున తినేది ఎవరో మనకందరికీ తెలుసు. కేంద్రంలో మాత్రం ఆమె కంచం ఆమెదే. ఆ గుడ్డు మామగారికి వెళ్ళదు. కడుపుతో ఉన్న కోడలు నలుగురిలో కూర్చుని తినడమేమిటని మొదట్లో అత్తలు అడ్డం చెప్పారు. కొన్నిచోట్ల, ఫలానావాళ్ళు వండితే మావాళ్ళు తినరన్నారు. పొదుపు లెక్కలు సరిచూసుకోవడం నేర్చిన సంఘాలు కూడా కులం దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాయి. ఈ మాట మన సంఘాల్లో మనం నెమ్మదిగా దాటేస్తుంటాం. దాటెయ్యకూడదు.

ఆ కేంద్రాల్లో నాకు మొదటి నుంచీ మింగుడుపడని విషయం ఒకటుంది. భోజనం ఖర్చులో కొంత భాగం ఆ తినే స్త్రీయే చెల్లించాలి. చేతిలో లేకపోతే అప్పుగా రాసుకుంటారు. కడుపులో బిడ్డ కోసం తిన్న అన్నానికి ఆమె అప్పు పడడం, దాన్ని మనం 'యాజమాన్య భావన' అని మెచ్చుకోవడం! ఊరి ఆసామి పండించే వరికి ఉచిత విద్యుత్తు ఇచ్చిన రాష్ట్రంలో, కూలి మనిషి గర్భానికి మాత్రం వాయిదాల పద్ధతి. 2013 జనవరి 1 నుంచి అమృతహస్తం పేరుతో అంగన్‌వాడీలోనే గర్భిణులకు, బాలింతలకు గుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనం మొదలైంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి వచ్చింది. ఆ భోజనానికి అప్పు రాసుకోరు. సంఘాల చేతిలోంచి వంట పోయిందని బాధపడిన మిత్రులున్నారు. నేను బాధపడలేదు. సంఘం వండడం మానేసి, సరిగ్గా వండుతున్నారా లేదా అని నిలదీసే స్థానంలోకి వస్తే అది వెనకడుగు కాదు. అయితే చాలా ఊళ్ళలో ఆ రెండో పని మొదలవలేదు. వంటతోపాటు మనమూ బయటికి వచ్చేశాం.

నిలదీయడానికి ఆధారాలు లేవా అంటే, ఉన్నాయి. అవి కూడా సమష్టి పోరాటాల్లోంచి వచ్చినవే. 2001లో ఒకవైపు భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం పొంగిపొర్లుతుండగా రాజస్థాన్‌లో జనం ఆకలితో అలమటించారు. పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అంతదాకా ప్రభుత్వాల దయగా ఉన్న పథకాలు ప్రజల హక్కులుగా మారాయి. 2004లో ఇచ్చిన ఉత్తర్వులో పిల్లల ఆహారం సరఫరాకు కాంట్రాక్టర్లు వద్దన్నారు. దళిత, ఆదివాసీ ఆవాసాలన్నిటిలో అంగన్‌వాడీలు పెట్టమన్నారు. ఇప్పటికీ మీ ఊళ్ళో కేంద్రం ఏ వీధిలో ఉందో, మాలపల్లె నుంచో గూడెం నుంచో మూడేళ్ళ పిల్ల అక్కడిదాకా నడవగలదో లేదో చూడండి, ఆ ఉత్తర్వు ఎంత అమలయిందో తెలుస్తుంది. 2006 డిసెంబరు 13న, ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లోగా అంగన్‌వాడీ పెట్టాలన్నారు.

ఆ పోరాటం సాగి సాగి 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. దాని నాలుగో సెక్షన్ గర్భిణులకు, బాలింతలకు ఉచిత భోజనంతోపాటు ఆరు వేల రూపాయలకు తగ్గకుండా ప్రసూతి భృతి హక్కుగా ఇచ్చింది. మొదటి బిడ్డకే అని చట్టంలో ఎక్కడా లేదు. 2017లో మాతృ వందన యోజన వచ్చేసరికి అది మొదటి కాన్పుకు అయిదు వేలయింది. 2022 నుంచి రెండో బిడ్డకూ ఇస్తామన్నారు, ఆడపిల్ల పుడితేనే. చట్టం ఇచ్చినదాన్ని పథకం కత్తిరించడం అంటే ఇదే. పత్తి ఏరే ఆ తల్లి కాన్పయిన మూడో నెలలోనే చేలోకి వెళ్ళకుండా ఉండాలంటే ఆమెకు కావలసింది తల్లిపాల వారోత్సవం కాదు, కూలి పోయినందుకు డబ్బు.

అంగన్‌వాడీ కార్యకర్తల గురించి మాట్లాడకుండా ఈ ప్రసంగం ముగించలేను. మనవాళ్ళలోనే కొందరికి వాళ్ళమీద కోపం ఉంది. గుడ్లు మాయం చేస్తారని, సమయానికి రారని. ఉండొచ్చు, అలాంటివాళ్ళను అడగాల్సిందే. కానీ 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో లక్షమందికి పైగా అంగన్‌వాడీ స్త్రీలు 42 రోజులు సమ్మె చేసినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు. అందులో కేంద్రం వాటా 2018లో పెంచిన 4,500. వేతనం పెంచమని, గ్రాట్యుటీ ఇవ్వమని అడిగారు. గ్రాట్యుటీకి వాళ్ళు అర్హులేనని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. ప్రభుత్వం కేంద్రాల తాళాలు పగలగొట్టించి సచివాలయ సిబ్బందితో నడిపించాలని చూసింది. జనవరిలో ఎస్మా ప్రయోగించింది. సమ్మె చేస్తే అది అత్యవసర సేవ. జీతం అడిగితే అది గౌరవ వేతనం మీద చేసే స్వచ్ఛంద సేవ. ఒకే స్త్రీ, ఒకే పని, పేరు మాత్రం ప్రభుత్వానికి ఎప్పుడేది అనువుగా ఉంటే అది. పిల్లల్ని పెంచే పని ఇంట్లో ఎలా లెక్కలోకి రాదో, బయట కూడా అలాగే రాదు. ఆ 42 రోజుల్లో తల్లుల సంఘాలు ఆ శిబిరాల్లోకి ఎన్నిచోట్ల వెళ్ళి కూర్చున్నాయి? చాలా తక్కువ. బిడ్డకు పెట్టే స్త్రీ ఆకలితో ఉండగా బిడ్డ మాత్రం బాగా తినాలని అడగడం ఎలా కుదురుతుంది?

ఇక నేను ప్రతిపాదించదలుచుకున్నది ఒక్కటే. మూడేళ్ళలోపు పిల్లలకు ఊరూరా శిశు సంరక్షణ కేంద్రం. తల్లి పనికి వెళ్ళే వేళకు తెరిచి, తిరిగొచ్చే వేళ దాకా ఉండేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మెత్తగా వండి తినిపించేది. ఇది కొత్త కోరిక కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు - పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే, వాళ్ళను చూడడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని. ఎక్కడో తప్ప ఎవరూ పెట్టలేదు, మనమూ గట్టిగా అడగలేదు. శిశుగృహాల పథకం ఖర్చులో 2017లో రాష్ట్రాలకు వాటా పెట్టాక చాలా కేంద్రాలు మూతపడ్డాయి. 2022లో పాల్నా పేరుతో అంగన్‌వాడీలోనే శిశుగృహం అన్నారు. పేరు ఏదైనా మనకు పట్టింపు లేదు. మన పిల్లలకు ఎన్ని వచ్చాయన్నది పట్టింపు.

ఇక్కడొక జాగ్రత్త. ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం 2012లో సర్గుజాలో 'ఫుల్‌వారీ'లు మొదలుపెట్టింది. తల్లులే వంతులవారీగా పిల్లల్ని చూసుకునే పద్ధతి. మూడేళ్ళలోపు పిల్లలకు కూర్చోబెట్టి పెట్టే చోటు ఏర్పడింది, అది మంచిదే. అయితే వంతు వచ్చిన రోజు ఆ తల్లి కూలి పోతుంది. ఆ నష్టం ఎవరు పూడుస్తారు? సంఘాలు నడుపుతాయి కదా అని మన దగ్గరా ఇదే పద్ధతి తేవచ్చు. స్థలం చూపించడం, మనిషిని ఎంపిక చెయ్యడం, సరుకు తూకం చూడడం సంఘం పని. జీతం ప్రభుత్వం పని. ఈ గీత దాటనివ్వకండి.

వెళ్ళాక చెయ్యగలిగినవి కొన్ని. మీ ఊళ్ళో మూడేళ్ళలోపు పిల్లలెందరు, పగలు ఎవరి దగ్గర ఉంటున్నారు, మధ్యాహ్నం ఎవరు పెడుతున్నారు - మీరే ఇల్లిల్లూ తిరిగి రాయండి. ప్రభుత్వ రిజిస్టర్లలో బరువు కాలమ్ ఉంటుంది గానీ ఈ మూడో ప్రశ్న ఉండదు. గ్రామసభ పొద్దున పదకొండుకు పెడితే కూలికి వెళ్ళే స్త్రీలు ఎవరూ రాలేరు, సాయంత్రం పెట్టమని ముందుగానే రాసివ్వండి. ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ సామాజిక తనిఖీ గురించి చెబుతుంది, గుడ్లు, పాలు, బియ్యం లెక్కలు సభలో చదివించండి, టీచరును దోషిగా నిలబెట్టకుండా, సరుకు ఎన్నాళ్ళు ఆలస్యంగా వచ్చిందో ఆమె చేతే చెప్పించండి. రావలసిన ఆహారం రాకపోతే ఎనిమిదో సెక్షన్ కింద భృతి ఇవ్వాలి. అడిగినవాళ్ళు అరుదు. జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి దరఖాస్తు పెట్టినప్పుడు నకలు మీద తేదీ వేయించి, సంతకం, ముద్ర తీసుకోండి. రేపు రమ్మంటే రేపు పదిమంది వెళ్ళండి, పిల్లల్ని కూడా చంకనేసుకుని.